సైప్రస్‌లో మాత్రమే గూడు కట్టే వీటియర్: నవంబర్‌లో వస్తే కనిపిస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. ఆఫీసు పని మీద నవంబర్ నుంచి ఏప్రిల్ చివరిదాకా సైప్రస్‌లోని లిమసోల్‌లో ఉంటారు. హైదరాబాద్‌లో వారాంతాల్లో పక్షులు చూసే అలవాటుంది. ప్రపంచం మొత్తం మీద సైప్రస్ దీవిలో మాత్రమే గుడ్లు పెట్టే చిన్న పాటల పక్షి ఒకటుందని, అది చలికాలం వలస కూడా పోతుందని ఎక్కడో చదివారు. నిజమేనా, వలస పోతే మరి దీవి పక్షి ఎలా అవుతుంది, అంత అరుదైనది నాలాంటి కొత్తవాడికి కనబడుతుందా, ఎక్కడ వెతకాలి, ఏ కెమెరా తెచ్చుకోవాలి అని అడిగారు.

నిజమే. దాని పేరు సైప్రస్ వీటియర్. ఇంకెక్కడా గూడు కట్టదు. అయితే అరుదైనది కాదు, సీజన్‌లో రోడ్డు పక్కన కరెంటు తీగ మీద కూడా కనబడుతుంది. చిక్కల్లా మీ తేదీలతోనే. మీరు దిగేసరికి అది ఆఫ్రికా వెళ్లిపోయి ఉంటుంది. మార్చి సగం అయ్యేదాకా దానికోసం తిరగకండి. ఏప్రిల్‌లో రెండు మూడు వారాంతాలు ఖాళీ ఉంచుకుంటే చాలు.

నేను ఉద్యోగం కోసం వచ్చి లిమసోల్‌లోనే స్థిరపడ్డాను. సెలవు రోజుల్లో బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరగడం తప్ప వేరే వ్యసనం లేదు. కింద రాసేదంతా ఆ తిరుగుడులో తెలిసింది, దానిమీద చదివింది.

ముందు "అరుదు" అన్న మాట సంగతి చూద్దాం. ఒకేచోట ఉండే పక్షి అనగానే మన తెలుగువాళ్లకు కలివికోడి గుర్తొస్తుంది. దశాబ్దాలపాటు ఎవరికీ కనబడక, 1986లో కడప జిల్లాలో మళ్లీ బయటపడిన పక్షి. లంకమల చుట్టుపక్కల కంపచెట్ల మధ్య, అదీ రాత్రిళ్లు తిరిగేది. దాన్ని చూశామని చెప్పగలిగేవాళ్లు ఎందరుంటారు? అందుకే "ఒక్క దీవిలోనే" అనగానే అలాంటి బొమ్మ మనసులో పడిపోతుంది. వీటియర్ కథ వేరు. దీనికున్న చోటు చిన్నదే కానీ, ఆ చోటంతా దీనిదే. సైప్రస్ విస్తీర్ణం 9,251 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగం కూడా ఉండదు. ఆ కాస్త నేలలోనే సముద్రపు ఒడ్డున రాళ్ల దగ్గర్నుంచి 1,952 మీటర్ల ఒలింపస్ శిఖరం దాకా ఈ పక్షి గూడు కడుతుంది. ద్రాక్షతోటల గట్లు, పాత రాతిగోడలు, పైన్ చెట్ల మధ్య ఖాళీలు, ఊరి చివర కట్టి వదిలేసిన ఇళ్లు, ఏదైనా పర్వాలేదు దానికి. 1974 తర్వాత దీవి ఉత్తరం, దక్షిణంగా చీలిపోయిందని మీకు తెలిసే ఉంటుంది. రెండు వైపులా ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం లెక్కలో కూడా ఇది పెద్దగా ఆందోళన అక్కర్లేని జాతుల్లోనే ఉంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి, ఎందుకంటే మీరు చదివిన వ్యాసం ఏ పక్షి గురించో మీరు చెప్పలేదు. సైప్రస్‌లో మాత్రమే గూడు కట్టే చిన్న పక్షుల్లో సైప్రస్ వార్బ్లర్ అని ఇంకొకటి ఉంది. మగదానికి నల్ల తల, నల్ల గొంతు, మధ్యలో మీసంలా తెల్లచార, పొట్ట మీద నల్లమచ్చలు ఉంటాయి. ముళ్లపొదల్లో దూరి తిరుగుతుంది. ఇది సగం వలసపక్షి. కొన్ని చలికాలం ఇజ్రాయెల్, జోర్డాన్, ఈజిప్టు వైపు వెళ్తాయి, కొన్ని ఇక్కడే ఉండిపోతాయి. అంటే నవంబర్‌లో కూడా మీకు దొరికే అవకాశం ఉంది. కానీ "ఒక్క దీవిలో పుట్టి, మొత్తంగా వలసపోయే పక్షి" అని చదివారంటే అది వీటియరే.

వలస సంగతి

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఈ పక్షి బరువు పదిహేను గ్రాములకు అటూ ఇటూ. మన పిచ్చుక కంటే చిన్న ప్రాణి. ఇంత చిన్నదానికి ఉపగ్రహంతో మాట్లాడే యంత్రం తగిలించడం కుదరదు, మోయలేదు. అందుకని స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సైప్రస్‌లోని ట్రూడోస్ కొండల్లో వీటిని పట్టి, గ్రాము కూడా లేని చిన్న పరికరాలు వీపున కట్టి వదిలారు. ఆ పరికరం చేసే పని ఒక్కటే, వెలుతురు నమోదు చేయడం. ఏ రోజు ఎప్పుడు తెల్లవారింది, ఎప్పుడు చీకటిపడింది అన్నది తెలిస్తే, పగటి పొడవును బట్టి ఉత్తర దక్షిణాలు, మిట్టమధ్యాహ్నం పడిన వేళను బట్టి తూర్పు పడమరలు లెక్కగట్టొచ్చు. చిక్కేమిటంటే ఆ సమాచారం పరికరంలోనే ఉండిపోతుంది. మరుసటి ఏడాది అదే పక్షిని మళ్లీ పట్టుకుంటేనే చేతికొస్తుంది.

ఆఫ్రికా వెళ్లొచ్చిన పక్షిని మళ్లీ ఎలా పట్టుకుంటారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కాళ్లకు రంగు ఉంగరాలు వేసి గమనిస్తే తేలింది ఏమిటంటే, పెద్ద పక్షుల్లో బతికి వచ్చినవి ఏటా దాదాపు అదే చోటుకు చేరుకుంటాయి. పోయినేడు ఏ బండల మధ్య కాపురం పెట్టిందో, ఈ ఏడూ అక్కడే. అందుకే ఈ పక్షి మీద ఆ రకం పరిశోధన సాధ్యమైంది.

ఫలితాలు 2017లో వచ్చాయి. చలికాలం అవి గడిపింది దక్షిణ సూడాన్, సూడాన్, ఇథియోపియా ప్రాంతాల్లో. దూరం సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గగనమార్గాన ఎంతో దానికి రెండింతలు. శరదృతువులో ఆ దూరాన్ని అవి ఎక్కడా ఆగకుండా, ఒకే దఫాలో, రెండున్నర రోజుల్లో ఎగిరి ఉంటాయని పరిశోధకుల అంచనా. ముందు మధ్యధరా సముద్రం, ఈజిప్టు తీరం దాటగానే సహారా. దిగినా తిండి దొరకని దారి కాబట్టి దిగకుండా పోవడమే నయం. బయలుదేరే ముందు కొవ్వు పట్టించుకుంటాయి, అదే దారిబత్తెం. తిరుగు ప్రయాణంలో మాత్రం కొన్ని మధ్యలో ఆగుతాయి. మార్చిలో ఇజ్రాయెల్‌లో, ఈజిప్టులో వీటిని చూసేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు రెండో ముక్క చూడండి. సైప్రస్ ఉత్తర తీరం నుంచి టర్కీ సుమారు 70 కిలోమీటర్లు. గాలి తేటగా ఉన్న రోజున అక్కడి కొండలు కంటికి కనిపిస్తాయి. సహారా దాటగలిగిన పక్షికి అదో దూరమా? అయినా అక్కడికి పోయి గూడు కట్టదు. టర్కీలోనూ రాళ్లు, కొండలు, పురుగులు ఉన్నాయి. కాకపోతే అక్కడ దీని దగ్గరి చుట్టాలైన బ్లాక్ ఈయర్డ్ వీటియర్లు ముందే ఉన్నాయి. దానికితోడు పుట్టినచోటుకే తిరిగొచ్చే ఈ పట్టుదల. దీవిలో పుట్టింది దీవికే వస్తే, దీవిలోదాన్నే జతకట్టుకుంటే, తరతరాలకు అది వేరే జాతిగా తేలక ఏమవుతుంది? "వలస పోతే మరి దీవి పక్షి ఎలా అవుతుంది" అన్న మీ సందేహానికి నా జవాబు ఇదే. రెక్కలు ఎంత దూరం మోయగలవన్నది కాదు, ఎక్కడికి తిరిగొస్తుందన్నది ముఖ్యం.

శాస్త్రవేత్తలు కూడా దీన్ని వేరే జాతిగా ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1884లోనే జర్మన్ పక్షిశాస్త్రవేత్త హోమయర్ దీనికి పేరు పెట్టాడు. కానీ తర్వాత చాలా ఏళ్లు పైడ్ వీటియర్‌లో ఒక ఉపజాతిగానే లెక్కవేశారు. పాట పూర్తిగా వేరు, ఆకారం చిన్నది, ఆడా మగా దాదాపు ఒకేలా ఉంటాయి (పైడ్ వీటియర్లలో ఆడది మట్టిరంగులో ఉంటుంది), ఈ కారణాలన్నీ కలిపి 1982లో వచ్చిన ఒక పరిశోధన పత్రం గట్టిగా వాదించాక వేరు జాతి అన్నది స్థిరపడింది.

ఎలా గుర్తుపట్టాలి

మన ఊళ్లలో రాళ్లగుట్టల మీద తోక ఎత్తి ఆడించే నల్లంచి చూసి ఉంటారు కదా. దాదాపు ఆ సైజు, ఆ తరహా మనిషే. మనిషే అంటున్నాను, అలవాటైపోయింది. వసంతంలో మగది వీపు, రెక్కలు, ముఖం, గొంతు నల్లగా, నెత్తి తెల్లగా, పొట్ట లేత గోధుమరంగులో ఉంటుంది. గొంతు నలుపు మెడ పక్కనుంచి వచ్చి వీపు నలుపుతో కలిసిపోతుంది. ఈ కలయిక గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది. ఆడదాని నెత్తి తెల్లగా కాక మాసిన ముదురురంగులో ఉంటుంది, కంటిపైన తెల్లటి గీత కనిపిస్తుంది. నడుము, తోక మొదలు తెలుపు, తోక చివర మాత్రం వెడల్పాటి నల్లపట్టీ. ఎగిరినప్పుడు ముందు కనబడేది ఆ తెలుపే.

మీ ఆరు నెలల్లో దీనితో పొరబడే అవకాశమున్నవి ఇవి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య రాళ్లనేలలో నలుపు తెలుపు వీటియర్ కనబడిందంటే సంతోషంగా ఫోన్ తీసి "దొరికేసింది" అని పెట్టకండి. అది దాదాపు ఖాయంగా ఫిన్ష్ వీటియర్. టర్కీ వైపు నుంచి చలికాలానికి ఇక్కడికొస్తుంది. దాని వీపు మధ్యలో మీగడ తెలుపు ఉంటుంది, నలుపు కాదు. అంటే మన వీటియర్ దీవి ఖాళీ చేశాక ఇంకో వీటియర్ వచ్చి చలికాలం కాపురం చేస్తుందన్నమాట. అదీ చూడదగ్గదే, తక్కువ చేయకండి.

మార్చి, ఏప్రిల్‌లలో ఈస్టర్న్ బ్లాక్ ఈయర్డ్ వీటియర్లు ఉత్తరానికి పోతూ ఇక్కడ ఆగుతాయి. వాటిలో నల్లగొంతు రకం ఉంటుంది. దాని వీపు కూడా లేతరంగే, గొంతు నలుపు వీపుదాకా రాదు. నార్తర్న్ వీటియర్ వీపు బూడిదరంగు. ఇసబెల్లైన్ వీటియర్ అంతా ఇసకరంగు, నిటారుగా నిలబడుతుంది, నల్లగొంతు ఉండదు. కాబట్టి వీపు చూడటం అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ తీరిపోతుంది.

నిజానికి రంగుల కంటే దీని పద్ధతి చూసి పట్టుకోవడం తేలిక. మామూలుగా వీటియర్లు నేలమీద పరుగెత్తి పురుగుల్ని పట్టే రకం. ఇది చెట్టెక్కి కూర్చుంటుంది. పైన్ కొమ్మ చివరో, తీగ మీదో, స్తంభం మీదో కదలకుండా కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి రాయిలా కిందపడి, చీమనో పురుగునో ముక్కున కరుచుకుని మళ్లీ అదే కొమ్మకు. వీటియర్ చెట్టు చిటారున కూర్చుని పాడటం చూశారంటే ఇక పుస్తకం తిరగేయక్కర్లేదు.

పాట అంటే మన కోకిల పాటో, పెద్ద నల్లంచి ఈలో ఊహించుకోకండి. బిజ్ బిజ్ బిజ్ బిజ్ అని పొడిగా, ఒకటే గరగర. చెట్టు మీద కీచురాయి అరుస్తోందనుకుని చాలామంది పక్కనుంచి వెళ్లిపోతారు. జూన్, జూలైలలో పైన్ అడవుల్లో నిజమైన కీచురాళ్లు మొదలయ్యాక రెండూ కలిసిపోయి ఇంకా కష్టం. మీరు ఉండే ఏప్రిల్‌లో ఆ బాధ లేదు. ఆ వేళప్పుడు చెట్టు మీంచి గరగర వినిపిస్తే తల ఎత్తండి.

ఎప్పుడు, ఎక్కడ

మొదటివి మార్చి మొదట్లోనే దిగొచ్చు, కానీ బాగా కనబడటం నెల సగం దాటాకే. ముందు వచ్చేవి మగవి, అందులోనూ పెద్ద వయసువి. కిందటేడాది పుట్టినవి చివరికి చేరతాయి. ముందు తీరప్రాంతంలో కనిపిస్తాయి. ట్రూడోస్ పైన మార్చిలో ఇంకా మంచు ఉండొచ్చు కాబట్టి అక్కడ కాస్త ఆలస్యం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో తిరుగుముఖం పడతాయి.

నేనైతే మీకు ఇలా చెప్తాను. మార్చి చివర్లో ఒక ఉదయం పాఫోస్ పురావస్తు పార్కుకు వెళ్లండి. రోమన్ కాలపు మొజాయిక్ నేలల కోసం జనం వచ్చే చోటు అది. టికెట్టు కొని లోపలికెళ్లి, మొజాయిక్‌లు చూసేశాక లైట్‌హౌస్ వైపున్న పొదలు, రాళ్లలోకి నడవండి. పోయే వీటియర్లు, వచ్చే వీటియర్లు అన్నీ అక్కడ ఆగుతాయి. అన్నిటినీ ఒకేచోట పోల్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. గుంపుల్లో టూరిస్టులున్నా పక్షులు పట్టించుకోవు, తొందరగా వెళ్తే మీకే హాయి.

తర్వాత ఏప్రిల్ రెండో సగంలో ట్రూడోస్. లిమసోల్ నుంచి కారులో గంట ప్రయాణం. ఇక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి భయం లేదు, మలుపుల దగ్గర మాత్రం జాగ్రత్త. బస్సు కూడా ఉంది కానీ పక్షులు లేచే వేళకు అందదు. ప్లాట్రెస్ ఊరు దాటి పైకెళ్లాక బ్లాక్ పైన్ చెట్లు మొదలవుతాయి, మధ్యమధ్య రాళ్లు తేలిన ఖాళీలు. ట్రూడోస్ సెంటర్ దగ్గర కారు ఆపి, అక్కణ్ణుంచి బయలుదేరే ఏ కాలిబాట పట్టినా సరే. నేను పైన చెప్పిన పరిశోధన జరిగింది ఈ కొండల్లోనే. అప్పటికి ఒక్కో మగది తన హద్దు పంచుకుని పాడుతుంటుంది, నడుస్తూ పోతే ఒకదాని పాట వెనకబడేసరికి ఇంకోదాని పాట మొదలవుతుంది. ఏప్రిల్ అని పల్చటి చొక్కాతో రాకండి, పైన పొద్దున్నే చలి గట్టిగానే ఉంటుంది.

ఊరు దాటే తీరిక లేకపోతే లిమసోల్ పక్కనే గెర్మసోయా డ్యామ్ ఉంది. చుట్టూ ఉన్న కొండవాలులో ఏప్రిల్‌లో చూడొచ్చు. కొత్త ఊళ్లో ఆఫీసుకు ముందు ఓ గంట అంటే అదే మేలు.

స్థానికులను అడగాలంటే ఇక్కడి గ్రీకులో దీన్ని స్కలిఫూర్త అంటారు. కొండ ఊళ్లలో పెద్దవాళ్లకు ఆ పేరు చెప్తే గోడ వైపో తీగ వైపో చెయ్యి చూపిస్తారు.

మరి నవంబర్ నుంచి మార్చి దాకా ఏం చేయాలి? అక్రోతిరి ఉప్పు సరస్సుకు వెళ్లండి. మన పులికాట్‌కు వచ్చే పెద్ద రాజహంసలే, అదే జాతి, చలికాలం ఇక్కడ దిగుతాయి. ఆ ప్రాంతం బ్రిటిష్ సైనిక స్థావరంలో భాగం కాబట్టి కంచెల వైపు, మిలిటరీ భవనాల వైపు కెమెరా తిప్పకండి. సైప్రస్ వార్బ్లర్ కోసం ఎపిస్కోపి దగ్గర కెన్సింగ్టన్ క్లిఫ్స్ అనే నిటారు కొండచరియల వైపు పొదల్లో ఓపిగ్గా నిలబడండి. అక్కడే పైన గ్రిఫాన్ రాబందులు తిరగడం కూడా చూడొచ్చు. ఒక్క జాగ్రత్త: నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బుధ, ఆదివారాలు ఇక్కడ వేట రోజులు. లైసెన్సు ఉన్నవాళ్లు కుందేళ్లు, కౌజులు లాంటివాటి కోసం తుపాకులతో పొలాల్లో తిరుగుతారు. ఆ రెండు రోజులూ పొదల్లోకి పోకుండా శనివారం పెట్టుకోండి.

గూడు దగ్గర ఎలా ఉండాలి

ఏప్రిల్ చివరికి గూళ్లు మొదలవుతాయి. నేలలో బొరియ, గట్టులో సందు, గోడలో కన్నం, పాత చెట్టు తొర్ర, ఎక్కడైనా కడతాయి. నాలుగైదు గుడ్లు, పొదిగేది ఆడదే. కొన్ని జంటలు ఆ సీజన్‌లోనే రెండోసారి కూడా పిల్లల్ని లేపుతాయి. నోట్లో పురుగు పెట్టుకుని మీ ముందు అటూ ఇటూ తిరుగుతూ టక్ టక్ అని అరుస్తోందంటే మీరు గూటికి అడ్డం నిలబడ్డారని అర్థం. వెనక్కి నడవండి. ఫోన్‌లో దాని పాట పెట్టి పిలవడం అసలు చేయకండి. ఆగకుండా పాడుతూ హద్దు కాపాడుకునే పక్షికి లేని శత్రువును చూపించి అలసిపోయేలా చేయడం తప్ప ఒరిగేదేమీ లేదు. పైగా అవసరం కూడా లేదు, అదే ఎదురుగా కూర్చుంటుంది.

అంతరించిపోతుందా?

ఇప్పటికైతే ఆ ప్రమాదం లేదు. ఐరోపా సమాఖ్య పక్షుల చట్టం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి దాని నివాసాలను కాపాడే బాధ్యత ప్రభుత్వానిది. కానీ నిశ్చింతగా ఉండొచ్చా అంటే, ఉండలేమని నా అభిప్రాయం. ఎంత ఎక్కువగా ఉన్నా, ఉన్నదంతా ఒక్క దీవిలో ఉంది. వరసగా నాలుగైదు చెడ్డ వేసవులు వస్తే ఇంకోచోట మిగిలినవి వచ్చి భర్తీ చేస్తాయన్న ఆశ లేదు. మిగిలిన సగం బతుకు సూడాన్, ఇథియోపియాల్లో. అక్కడ వానలు ఎలా పడ్డాయి, పొదలు ఎంత కొట్టేశారు అన్నదాని మీద ఇక్కడికి తిరిగొచ్చేవి ఆధారపడతాయి. అక్కడ దీని జీవితం గురించి జరిగిన పని చాలా తక్కువ, యుద్ధాల మధ్య ఎవరు వెళ్లి చూస్తారు.

కార్చిచ్చుల సంగతి కొంచెం తిరకాసు. 2021 జూలైలో అరకపాస్ ఊరి దగ్గర పెద్ద మంట లేచి నలుగురు ఈజిప్టు కూలీలు చనిపోయారు. అలాంటి మంటల్లో గూళ్లు, పిల్లలు పోతాయి. కానీ నేను చూసినంతలో, కాలిన చోట తర్వాతి ఏళ్లలో వీటియర్లు మామూలుగానే తిరుగుతుంటాయి, ఎందుకంటే ఎక్కి కూర్చోడానికి మోడు, కింద దాపులేని నేల వాటికి కావలసినవే. అదే పొదల్లో బతికే వార్బ్లర్‌కు పొద లేకపోతే ఏమీ లేదు. రెండూ ఈ దీవి పక్షులే అని ఒకే గాటన కట్టకూడదని అందుకే అంటాను.

ఇక ఇక్కడ అందరూ దాటవేసే విషయం, పక్షుల దొంగవేట. సైప్రస్‌లో వలలు, జిగురుపుల్లలు పెట్టి చిన్న పక్షుల్ని పట్టడం 1974 నుంచి చట్టవిరుద్ధం. అయినా పూర్తిగా ఆగలేదు. పట్టేవాళ్లకు కావలసింది ముఖ్యంగా బ్లాక్‌క్యాప్ అనే పక్షి. దాన్ని అంబెలోపూలియా అనే వంటకంగా హోటళ్లలో దొంగచాటుగా వడ్డిస్తారు. జిగురు దేనితో చేస్తారో తెలుసా? మన దగ్గర బంకనక్కెర అంటారే, ఆ కాయల జిగురుతో కాగితాలు అంటించుకునేవాళ్లం చిన్నప్పుడు, ఆ కుటుంబం చెట్టు కాయలే. ఉడకబెట్టి, తేనె కలిపి, పుల్లలకు పట్టించి చెట్లలో పెడతారు. వాలిన పక్షి కాళ్లు, రెక్కలు అతుక్కుని వేలాడుతుంది. వలకు గానీ జిగురుకు గానీ ఏ పక్షో తేడా తెలియదు, కొమ్మ మీద వాలే అలవాటున్న ప్రతిదీ చిక్కుతుంది. బర్డ్‌లైఫ్ సైప్రస్ అనే సంస్థ 2002 నుంచి దీన్ని క్రమం తప్పకుండా లెక్కగడుతోంది. వలలు ఎక్కువ కనిపించేవి లార్నకా పక్క పైలా అగ్రం ప్రాంతంలో.

మీరు చేయగలిగింది చిన్నదే. ఎవరైనా సహోద్యోగి మర్యాదకు "స్పెషల్ ఐటం" అంటూ ఈ వంటకం తినిపిస్తానంటే వద్దని చెప్పండి, తినడం కూడా నేరమే. తోటల్లో నడుస్తున్నప్పుడు చెట్ల మధ్య సన్నటి వల కట్టి ఉన్నా, జిగురు పట్టిన పుల్లలు కనిపించినా వాటిని మీరు పీకకండి, అక్కడున్నవాళ్లతో వాదన పెట్టుకోకండి. వాళ్లు మెత్తటి మనుషులు కారు. కాస్త దూరం వచ్చాక చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకో, వన్యప్రాణి విభాగానికో చెప్పండి.

చివరగా మీ కెమెరా ప్రశ్న. 8x42 బైనాక్యులర్లు ఉంటే అవే తెచ్చుకోండి, మీ పనికి అవి చాలు. ఫొటోలకైతే 400 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది, 600 మోసుకొచ్చి విమానంలో బరువు కట్టాల్సిన పనిలేదు. ఈ పక్షి బాగా దగ్గరికి రానిస్తుంది. నల్లటి ముఖం, తెల్లటి నెత్తి, మధ్యాహ్నపు మధ్యధరా ఎండ, ఈ మూడూ కలిస్తే ఫొటోలో కన్ను కనబడదు. అందుకని పొద్దున్న తొమ్మిదిలోపు లేదా సాయంత్రం తీయండి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తెల్లనెత్తి మాడిపోకుండా చూసుకోండి. చార్జర్లకు ఇక్కడ బ్రిటిష్ తరహా చదరపు మూడు పిన్నుల ప్లగ్గు కావాలి, అడాప్టర్ హైదరాబాద్‌లోనే కొనేయండి, ఇక్కడ ఎయిర్‌పోర్టులో రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. మార్చిలో మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే కింద రాయండి, ఆ వారం ఎక్కడ ఎన్ని దిగాయో చూసి చెప్తాను.